లెక్కకు రాని నెల

మా అత్త పెంచలమ్మ లెక్కలో నా కడుపులోని బిడ్డకు ఒక నెల తక్కువ. ప్రొద్దుటూరు డాక్టరమ్మ లెక్కలో నాకు తొమ్మిదో నెల, నా ఫోను లెక్కలో ముప్పై ఎనిమిదో వారం. మా అత్త వేళ్ళ లెక్కలో మాత్రం ఎనిమిదో నెల. ఎందుకంటే ఈ ఏడు శ్రావణాలు రెండొచ్చాయి. మొదటిది అధిక మాసం. అధిక మాసంలో పెళ్ళి చేయరు, కొత్త ఇంట్లో పాలు పొంగించరు, బండి కొనరు. అది దేవుడి నెల, మనుషుల లెక్కకు రాదు. అందుకని ఆ మహాతల్లి ఆ నెలను నా కడుపులోంచి కూడా కొట్టేసింది.

నా బిడ్డ మొట్టమొదట కదిలింది ఆ నెలలోనే. అది తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. లింగాలలో మా ఇంటి వెనక వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటే, బొడ్డు కింద ఎవరో లోపలినుంచి వేలితో తట్టినట్టయింది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ నెలలోనే ప్రొద్దుటూరులో పెద్ద స్కానింగ్ తీశారు. వెన్నుపూసలు వరసగా తెల్లగా కనిపించాయి. ఆ నెలలోనే బిడ్డకు చెవులు వినబడటం మొదలైందని ఫోనులో చదివి, సిగ్గు విడిచి కడుపుతో మాట్లాడటం మొదలుపెట్టాను. అంత జరిగిన నెల లెక్కలోకి రాదట.

ఫోనులో ఒక యాప్ ఉంది. వారం వారం బిడ్డ ఎంతయిందో, ఏం నేర్చుకుందో చెబుతుంది. నేను పుట్టి పెరిగింది జమ్మలమడుగు, చదివింది డిగ్రీ, చేసేది ఏమీ లేదు. కాబట్టి ఆ యాప్ నాకు పరీక్ష పుస్తకమైంది. ముప్పై నాలుగో వారంలో గోళ్ళు వేళ్ళ చివరిదాకా వస్తాయి. ముప్పై ఆరులో ఒంటిమీది నూగు రాలిపోతుంది. ముప్పై ఏడు దాటితే ఊపిరితిత్తులు పండినట్టే. ఇవన్నీ మా అత్తకు చదివి వినిపించేదాన్ని. ఆమె విని, బొటనవేలితో వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తాకుతూ చైత్రం, వైశాఖం అని మొదలుపెట్టి, ఆషాఢం నుంచి ఒక గంతు వేసి నిజ శ్రావణంలో దిగి, "ఇంగా ఎనిమిదే" అని తేల్చేసేది. మా ఊళ్ళో కడుపుతో ఉన్న ఆడవాళ్ళంతా నెలలు లెక్క కట్టించుకోవడానికి ఆమె దగ్గరికే వస్తారు. ఆమె మాటకు ఎదురు లేదు.

నా మొగుడు కృష్ణచైతన్యకు తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం. మంచివాడే. మంచివాళ్ళతో వచ్చే చిక్కు ఏమిటంటే, వాళ్ళు ఇంట్లో ఎవరితోనూ పోట్లాడరు, మన తరఫున కూడా. డాక్టరమ్మ ముప్పై ఆరు వారాల నుంచి ప్రతివారం రమ్మంది. "అమ్మ ఎనిమిదో నెలంటాంది గదా శ్రీవాణీ, అమ్మకు తెల్దా" అన్నాడు. ఏడో నెలలో చేయాల్సిన శ్రీమంతం చీనీకాయలు కోతకు వచ్చాయని చేయలేదు. ఎనిమిదో నెల సరి నెల, పనికి రాదు. తొమ్మిదో నెలలో, అంటే మా అత్త లెక్కన మార్గశిరంలో, శ్రీమంతం చేసి జమ్మలమడుగు పంపిస్తారట. మా అమ్మ ప్రమీలమ్మ ఫోను చేసి అడిగితే, "పెన్నేరు దాటించి పంపల్ల గదా వదినా, ఎనిమిదో నెలలో ఏరు దాటితే ఎట్ల" అని ఆమె నోరు కూడా మూయించింది.

కార్తీకం చివరి సోమవారం. ముందురోజు సాయంత్రం నుంచే బిడ్డ కదలిక తగ్గింది. పొద్దున లేవగానే చీనీకాయ రసం తాగి, ఎడమపక్కకు తిరిగి పడుకుని లెక్క పెట్టాను. రెండు గంటల్లో పదిసార్లు కదలాలని డాక్టరమ్మ చెప్పింది. మూడుసార్లు కదిలింది. మూడోది కదిలిందో, నేనే అనుకున్నానో తెలియలేదు. ఇంకో గంట చూశాను. ఏమీ లేదు. కడుపు మీద తట్టాను, పేరు లేని బిడ్డను ఏమని పిలవాలో తెలియక "ఓయ్, ఓయ్" అన్నాను.

మా అత్త తులసికోట దగ్గర వత్తులు నేతిలో తడుపుతోంది. ఉపవాసం.

"అత్తా, బిడ్డ కదలడం లేదు. ఆస్పత్రికి పోదాం" అన్నాను.

"ఎనిమిదో నెలలో బిడ్డ నిద్రపోతాది అమ్మీ. శానా మందికి అట్లనే ఉంటాది."

"ఎనిమిది కాదత్తా, తొమ్మిది. మూడు గంటల్లో మూడుసార్లు కూడా సరిగ్గా కదల్లేదు."

"రేపు అమాస. ఈ పొద్దు గడప దాటి యాడికి పోతావు? రెండు దినాలు ఓర్చుకో. బుధవారం మార్గశిరం పడ్తాది, తొమ్మిదో నెల వస్తాది. ఆ పొద్దు నేనే తోడుకపోతా."

రెండు రోజులు. ఆ మాటను ఆమె ఎంత నిదానంగా అన్నదంటే, నాకు చేతిలో ఏదుంటే అది విసిరికొట్టాలనిపించింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మొగుడికి ఫోను చేశాను. షిఫ్టులో దిగాడు, ఫోను పైన పెట్టెలో ఉంటుంది. మోగి మోగి ఆగిపోయింది.

గోడ మీద క్యాలెండరు వేలాడుతోంది. అందులో మా ఎనుముకు చూలు కోసం సూది వేయించిన తేదీ చుట్టూ మా అత్త గీసిన ఎర్ర సున్నా ఉంది. అక్కడినుంచి ప్రతి నెలా ఒక గీత. అధిక శ్రావణం పేజీలో కూడా గీత ఉంది. అది కనబడేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. క్యాలెండరు పీకి తెచ్చి ఆమె ముందు పడేశాను.

"దీనికి అధిక మాసం లెక్కలోకి వచ్చిందే. నాకెందుకు రాలేదు?"

ఆమె క్యాలెండరు వంక చూసి, నా వంక చూసింది. "గొడ్డుకు పంచాంగం ఏంది మే" అంది.

"గొడ్డు కడుపులో దూడ పెరుగుతుంది, నా కడుపులో బిడ్డ ఆ నెల పెరగకుండా కూర్చుందా? అధిక మాసంలో నువ్వు నాకు అన్నం పెట్టలేదా? నేను తినలేదా? ఆ అన్నం యాడికి పోయింది?"

జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళకు ఒక ఆయుధం ఉంటుంది. "పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయింది" అని వత్తుల పళ్ళెం పక్కకు జరిపింది.

నేను మా వీధి చివర ఉండే హుమాయున్ అన్నకు ఫోను చేశాను. చీనీకాయల బుట్టలు మార్కెట్టుకు తోలే ఆటో ఆయనది. "పులివెందులకు పోవాల అన్నా, బిడ్డ కదలడం లేదు" అన్నాను. ఆయన ఎన్నో నెలని అడగలేదు. "వస్తాండా పాపా" అన్నాడు. ఐదు నిమిషాల్లో వచ్చాడు. బుట్టలన్నీ వీధిలో దింపేసి, సీటు మీద దుప్పటి మడిచి వేశాడు.

మా అత్త గడపకు అడ్డంగా నిలబడింది. చేతులు చాచలేదు, అరవలేదు. ఊరికే నిలబడింది.

"జరుగు అత్తా" అన్నాను.

"నా మాట విను."

"నీ మాట విని నా బిడ్డకు ఏమన్నా అయితే, ఈ ఇంట్లో నేను బతికి ఉన్నన్నాళ్ళూ ఆ మాటే రోజూ నీకు వినిపిస్తా. జరుగు."

జరిగింది. జరిగి, కొంగు నడుముకు దోపుకుని, ఆమె కూడా వచ్చి ఆటోలో నా పక్కన కూర్చుంది. దారి పొడుగునా ఏదో గొణుగుతూనే ఉంది. వింటే స్తోత్రం. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా హుమాయున్ అన్న ఆటోను నడిపించినంత మెల్లగా తోలాడు. గుంతకు కుదిపితే బిడ్డ కదులుతుందేమోనని నేను ఎదురుచూశాను. కడుపు బండలా ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఏడుపు రావాల్సిన చోటంతా కోపమే ఉంది.

పులివెందులలో బస్టాండు దగ్గరున్న నర్సింగ్ హోమ్‌కు వెళ్ళాం. నన్ను మంచం మీద పడుకోబెట్టారు. పాతికేళ్ళుంటాయేమో, ఒక నర్సు అట్టకు కాగితం తగిలించుకుని వచ్చింది.

"ఎన్నో నెలమ్మా?"

నేను నోరు తెరిచేలోపల మా అత్త అంది. "ఎనిమిది."

నర్సు రాసేసింది. ఆమె తప్పేముంది? చెప్పింది పెద్దావిడ, ఉపవాసం మొహం, నుదుట పెద్ద బొట్టు, గొంతులో అనుమానం అన్నదే లేదు. అలాంటి మనిషి చెబితే గవర్నమెంటు స్టాంపు వేసినట్టే.

"తొమ్మిది, సిస్టర్. ముప్పై ఏడు వారాల ఐదు రోజులు" అన్నాను.

"భయపడొద్దులేమ్మా" అంటూ మిషను కడుపు మీద పెట్టింది. గుండె చప్పుడు వినిపించింది. వినిపించినందుకు ప్రాణం లేచొచ్చింది, కానీ అది నేను ప్రొద్దుటూరులో విన్న చప్పుడు కాదు. పరుగెత్తి పరుగెత్తి మధ్యలో ఆగి, మళ్ళీ అందుకున్నట్టు ఉంది. నర్సు మొహం మారింది. పక్కకు వెళ్ళి డాక్టరుకు ఫోను చేసింది. ఆమె మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

"ఎనిమిదో నెల మేడమ్. ఆ, ముప్పై రెండు ముప్పై మూడు వారాలుంటాయి. గుండె డ్రాప్ అవుతాంది మేడమ్. నెల తక్కువ బిడ్డ గదా, మన దగ్గర పెట్టె లేదు. అట్లనే మేడమ్. కడపకు రాయమంటారా?"

కడప. ఇంకో గంటన్నర దారి. నెల తక్కువ బిడ్డను ఉంచే అద్దాల పెట్టె ఇక్కడ లేదు కాబట్టి, నెల తక్కువ కాని బిడ్డను గంటన్నర అంబులెన్సులో తిప్పబోతున్నారు. ఒక్క అంకె. మా అత్త కణుపు మీద దాటేసిన ఒక్క గంతు కాగితం మీదికెక్కి నా బిడ్డ గొంతు మీద కూర్చుంది.

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. కడుపుకు కట్టిన పట్టీ తెగి మిషను కింద పడింది.

"ఆ ఫోను ఇట్లా ఇయ్యి" అన్నాను.

"పడుకోమ్మా, లేవగూడదు."

"ఇస్తావా, నేనొచ్చి తీసుకోవాల్నా?"

ఆస్పత్రంతా వినబడి ఉంటుంది. నర్సు ఇచ్చింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మేడమ్, నేను పేషంటును. నా ఆఖరి నెలసరి మార్చి ఇరవై రెండు, ఉగాది రోజు. ఎంతకీ మర్చిపోయే తేదీ కాదు. ప్రొద్దుటూరులో తీసిన స్కానింగ్ ఫొటో నా ఫోన్లో ఉంది. డెలివరీ డేటు డిసెంబరు ఇరవై ఏడు అని రాశారు. ఈ రోజు పదకొండు. లెక్క వేయండి."

"ముప్పై ఏడు వారాలు దాటాయా? మరి ఎనిమిదో నెలని ఎవరు చెప్పారు?" అంది డాక్టరు.

"మా అత్త. ఆమె అధిక మాసం లెక్కలో వేసుకోలేదు."

"ఏం వేసుకోలేదు?"

"అవన్నీ తర్వాత చెప్తాను మేడమ్. మీరు రండి."

పది నిమిషాల్లో వచ్చింది. ఆ పది నిమిషాలూ మా అత్త గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నర్సు కాగితం మీద ఎనిమిదిని కొట్టేసి తొమ్మిది వేస్తుంటే, ఆ కొట్టివేత వైపే చూస్తూ ఉంది. "నాకు తెల్సినంతలో చెప్పినా" అంది ఎవరితోనో. ఎవరూ పట్టించుకోలేదు. నేనైతే ఆమె వైపు చూడను కూడా లేదు.

ఆపరేషను చేశారు. పేగు మెడకు రెండు చుట్లు చుట్టుకుందట. ఆడపిల్ల. బయటికి తీశాక మొదట ఏడవలేదు. నేను తెర ఇవతల పడుకుని, ఏడుపు కోసం వింటూ, ప్రపంచంలో ఉన్న పంచాంగాలన్నింటినీ ఒక్కొక్కటిగా తిట్టుకున్నాను. తర్వాత ఏడ్చింది. రెండు కిలోల ఏడు వందలు.

సాయంత్రానికి నా మొగుడు గని బట్టలతోనే వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "అమ్మకు తెలీక అన్నింది లే శ్రీవాణీ" అన్నాడు. బిడ్డను చూసి అన్న మొదటి మాట అది.

"అమ్మకు తెలీదు, సరే. నీకు ఏం తెలుసు? ఇంటర్మీడియట్ లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయని పెళ్ళిచూపుల్లో చెప్పుకున్నావు? మార్చి నుంచి డిసెంబరుదాకా లెక్క పెట్టడానికి ఎన్ని వేళ్ళు కావాల నీకు?" అన్నాను. కుట్లు లాగుతున్నా ఆపలేదు. అతను తల వంచుకుని బిడ్డ టోపీ సరిచేశాడు. టోపీ బాగానే ఉంది.

అంతలో వరండాలోంచి మా అత్త గొంతు వినిపించింది. బంధువులకు ఫోను చేస్తోంది. "నెల తక్కువ బిడ్డ పద్మావతమ్మా, ఎనిమిదో నెలకే పుట్టినాది. దేవుడు కాపాడినాడు." నేను పళ్ళు కొరుక్కున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తన లెక్క నిలబెట్టుకోవడానికి పుట్టిన బిడ్డకు కూడా నెల తగ్గిస్తోంది. రేపు ఊరంతా అదే అంటుంది. నా కూతురు పెద్దదై అడిగినా అదే చెబుతారు.

మరుసటి రోజు మధ్యాహ్నం డాక్టరు చూడటానికి వచ్చింది. మా అత్త బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, "నెల తక్కువ గదా మేడమ్, పెట్టెలో పెట్టే పన్లేదా?" అని అడిగింది.

డాక్టరు బిడ్డ చేతిని వేళ్ళ మధ్య పట్టుకుంది. "నెల తక్కువ ఏమీ లేదమ్మా. ఈ గోళ్ళు చూడండి, వేలి చివర దాటాయి. ఇదిగో, అరికాలు చూడండి. మడమదాకా గీతలున్నాయి. నెల తక్కువ పిల్లలకు అరికాలు నున్నగా ఉంటుంది. ఇది నెలలు నిండిన బిడ్డ. ఇంకో పూట ఆగి ఉంటే దక్కేది కాదు."

డాక్టరు వెళ్ళిపోయింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నేను పన్నెండుసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టైన మాట, తెల్లకోటు ఒక్కసారి చెప్పింది. ఇప్పుడు ఈమె ఏమంటుందో చూద్దామని మా అత్త వైపు తిరిగాను. అనాల్సిన మాటలు నాలుగైదు సిద్ధంగా పెట్టుకున్నాను.

ఆమె బిడ్డ అరికాలు పట్టుకుని చూస్తోంది. కన్ను ఆర్పకుండా చూస్తోంది.

"వానికీ ఇట్లనే ఉన్నాయి" అంది.

"ఎవరికి?"

"చైతన్యకు ముందు ఒకడు పుట్టినాడు. చచ్చి పుట్టినాడు. నీకు చెప్పలేదు, చైతన్యకు కూడా శానా తెలీదు. గోళ్ళు పెద్దగా ఉన్నాయి. గీరుకుంటాడేమో, కత్తిరియ్యల్ల అనుకున్నా. వాడు పోయినాడని ఇంగా చెప్పల్యా నాకు."

నేను సిద్ధం చేసుకున్న మాటలు నోట్లోనే ఉన్నాయి.

"మూడు దినాలు కదల్లేదు. మా అత్తకు చెప్పినా. ఎనిమిదో నెల, ఓర్చుకో అన్నారు. తొమ్మిదో నెల పడినాక మంత్రసానిని పిలుచ్చామన్నారు." బిడ్డ కాలు మీద గుడ్డ కప్పింది. మళ్ళీ తీసి చూసింది. "ఆ యేడు వైశాఖాలు రెండు."

గది బయట ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు.

"నాకు లెక్క రాదు అమ్మీ. నువ్వు సదువుకున్నావు గదా, లెక్క పెట్టి చెప్పు. మాఘం పాడ్యమి నాడు బయట చేరినా. మల్ల చేరలే. పెద్దల అమాస నాడు వాడు పుట్టినాడు. ఆ వైశాఖం కలిపి చెప్పు."

ఊళ్ళో ఆడవాళ్ళందరికీ నెలలు లెక్క కట్టే మనిషి, తనకు లెక్క రాదంటోంది.

నేను చెయ్యి దుప్పటి మీద పెట్టి, బొటనవేలితో కణుపులు తాకుతూ మొదలుపెట్టాను. మాఘం, ఫాల్గుణం, చైత్రం, వైశాఖం. మళ్ళీ వైశాఖం. జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం, భాద్రపదం. వేలికి మూడు చొప్పున మూడు వేళ్ళ కణుపులు సరిగ్గా సరిపోయాయి. ఆమె నా వేళ్ళ వైపు చూడటం లేదు. నా మొహం వైపే చూస్తోంది.

నిన్న పొద్దున్నుంచీ ఆ అంకె ఈమె చెవిలో వేయడానికే గొంతు చించుకున్నాను. ఇప్పుడు తనే అడుగుతోంది.

"ఎనిమిదే అత్తా" అన్నాను.

"వైశాఖం కలిపినావా?"

"కలిపినా ఎనిమిదే."

"అంతేలే. ఎనిమిదో నెల బిడ్డలు నిలవరు" అని, నా కూతుర్ని భుజానికెత్తుకుని వీపు నిమురుతూ కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఆమె నమ్మిందో, నమ్మినట్టు నటించిందో నాకు తెలియదు.

నా కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంకా పెరిగింది. ముప్పై రెండేళ్ళ కిందట ఈమె గడపలో నిలబడి బిడ్డ కదలడం లేదని చెబితే, వేళ్ళు మడిచి ఎనిమిది అన్నవాళ్ళ మీదికి పోయింది. వాళ్ళను నిలబెట్టి కడిగేయాలని ఉంది. తిట్టడానికి వాళ్ళలో ఒక్కరు కూడా బతికి లేరు.